కరెంటు పోయినప్పుడు చదివే పుస్తకం: ఒక శాఖా గ్రంథాలయం అనుభవం

నేను ఆ శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా చార్జి తీసుకున్న రోజు, నాతో కూర్చుని లెక్క చూపించిన అటెండరు బీరువాలోంచి ఒక నవల తీసి, దుమ్ము దులిపి, వెనక అట్ట తెరిచాడు. పుస్తకం ఇచ్చినప్పుడల్లా తేదీ వేసే డేట్ స్లిప్పు మీద ఆఖరి ముద్ర 2009 నాటిది. "ఇది ఇంకా నయం మేడం, కొన్నిటికి ముద్రే లేదు" అన్నాడు. చార్జి అప్పగింతలో పుస్తకం ఉందా లేదా అన్నదే లెక్క. దాన్ని ఎవరైనా చదివారా అన్న గడి ఆ పట్టికలో లేదు.

ఊరు కృష్ణా డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఒక మండల కేంద్రం. గ్రంథాలయానికి రెండు గదులు, ఒక వరండా. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట తెరుస్తాం. శుక్రవారం సెలవు. ఆస్తిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సే మాకు దిక్కు. అది సకాలంలో చేరిన ఏడు కొత్త పుస్తకాలు, చేరని ఏడు పాతవాటికి బైండింగు. ఆ గొడవ చెప్పుకుంటూ పోతే ఈ వ్యాసం దానికే సరిపోతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు ప్రధానంగా రెండు రకాలు. పొద్దున తలుపు తీయకముందే మెట్లమీద కూర్చునే పెద్దవాళ్ళు దినపత్రికల కోసం వస్తారు. జిల్లా పేజీ ముందు ఎవరికి అన్నదానిమీద వాళ్ళ మధ్య ఏళ్ళనాటి ఒప్పందాలున్నాయి. రెండో రకం పోటీ పరీక్షల కుర్రాళ్ళు, అమ్మాయిలు. పుస్తకాలు వాళ్ళవే, అన్నం డబ్బా వాళ్ళదే, కుర్చీలో వేసుకునే దిండు కూడా వాళ్ళదే. మా దగ్గర వాళ్ళకు కావలసింది ఫ్యాను, ప్లగ్గు, నిశ్శబ్దం. ఇంకో రకం పాఠకులు పాత సభ్యత్వ రిజిస్టరులో మాత్రమే కనిపించారు. ఒకప్పుడు నవలల కోసం వచ్చి, మానేసిన ఆడవాళ్ళు వాళ్ళు.

గదినిండా మనుషులున్నారు, బీరువాల నిండా పుస్తకాలున్నాయి. మధ్యలో తాళం ఉంది. ఆ తాళానికి కారణం బద్ధకం కాదు. పుస్తకాన్ని చెదలు తింటే రాసి పడేయడానికి ఒక పద్ధతి ఉంది. చదివేవాడి చేతిలో పోతే మాత్రం స్టాక్ వెరిఫికేషన్‌లో తల వంచుకుని నిలబడేది లైబ్రేరియనే. దాంతో పుస్తకం ఎంత తక్కువ కదిలితే మనకంత క్షేమం అనే బుద్ధి ఎవరికైనా పుడుతుంది. గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో మొదటిది పుస్తకాలు వాడుకోవడానికి అని. ప్రతి ఆగస్టు 12న ఆయన ఫొటోకు దండ వేస్తాం. మా బీరువా తాళంచెవులు ఆ ఫొటో పక్క మేకుకే వేలాడేవి.

నూరు పుస్తకాల ఫ్లెక్సీ

నవంబరు వచ్చింది. 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ జరపాలి. ఆ ఊపులో వారం రోజులు కూర్చుని 'తప్పక చదవవలసిన నూరు తెలుగు పుస్తకాలు' అని ఒక జాబితా తయారుచేసి, సొంత డబ్బుతో ఫ్లెక్సీ వేయించి గేటు పక్కన కట్టించాను. జాబితా మంచిదే. ఇప్పటికీ అందులోంచి ఒక్క పేరు తీసేయమన్నా ఒప్పుకోను. వచ్చినవాళ్ళంతా చూశారు. ఒక లెక్చరర్ గారు మెచ్చుకున్నారు. పరీక్షల కుర్రాళ్ళు ఫోనుతో ఫొటో తీసుకున్నారు. రచయితను, రచనను జతపరచే ప్రశ్నకు పనికొస్తుందని తీసుకున్నారట, అది తర్వాత తెలిసింది. ఫ్లెక్సీ చూసి పుస్తకం అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. సంక్రాంతి నాటికి అది అటెండరు ఇంట్లో గడ్డివాము మీదికి చేరింది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలిసేలా చేసింది ఒక టైలరమ్మ. బస్టాండు వెనక వీధిలో జాకెట్లు కుడుతుంది. పెళ్ళికి ముందు వారపత్రికల సీరియళ్ళు వదిలేది కాదట. రిజిస్టరులో ఆమె పేరు చూసి, బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు "మళ్ళీ రాకూడదా అమ్మా" అన్నాను. నాలుగు రోజులకు వచ్చింది.

"ఏదైనా మంచిది ఇవ్వండి మేడం గారూ."

మంచిది అనే మాట చెవిన పడగానే నాలోని డిగ్రీ లేచి కూర్చుంది. వేయిపడగలు చేతిలో పెట్టాను. ఆ బరువు చూసి కూడా ఆమె కాదనలేదు. మరో నాలుగు రోజులకు దాన్ని ఒక జాకెట్టు ముక్కలో చుట్టి తెచ్చి, రెండు చేతులతో బల్లమీద పెట్టి, "నాకంత చదువు లేదండి" అని, నేను ఇంకొకటి తీసేలోపే వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళ తర్వాత గ్రంథాలయం గడప తొక్కిన మనిషికి నీకు చదువు లేదని నేనే గుర్తుచేసి పంపించినట్టయింది. పుస్తకంలో లోపం లేదు, మనిషిలోనూ లేదు. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి పెళ్ళికూతురి ఇంటి గడప ఎక్కకుండానే ముహూర్తం పెట్టేశాడు, అంతే.

వారం ఆగి ఆమె కొట్టుకే వెళ్ళాను. ఈసారి చేతిలో పుస్తకం లేదు. "ఇంతకీ మీకు చదువుకునే తీరిక ఎప్పుడు దొరుకుతుంది?" అని అడిగాను. మొదటిరోజే అడగవలసిన ప్రశ్న అది.

"కరెంటు పోయినప్పుడండి. మిషనుకు మోటారు పెట్టించాను కదా, ఆగిపోతుంది."

అంటే పావుగంట, ఇరవై నిమిషాలు. అది ఎప్పుడొస్తుందో తెలియదు, ఎప్పుడు తెగిపోతుందో తెలియదు. కిటికీ వెలుగు తప్ప వేరే వెలుగు ఉండదు. ఆ తీరికలో పట్టే పుస్తకం వేరే ఉంటుంది. మర్నాడు సోమరాజు సుశీల ఇల్లేరమ్మ కథలు పంపించాను. తండ్రి ఉద్యోగం వెంట ఊళ్ళు మారే ఇంట్లో ఒక ఆడపిల్ల చెప్పే ముచ్చట్లు. ఎక్కడ ఆపినా తెగవు, ఎక్కడ మొదలుపెట్టినా అందుతాయి. పది రోజుల తర్వాత తిరిగి ఇస్తూ, "కరెంటు వచ్చాక కూడా మిషను ఎక్కలేదు మేడం గారూ, ఇద్దరి జాకెట్లు ఆలస్యమయ్యాయి" అంది.

కౌంటరు దగ్గర పాల కేంద్రంలో పనిచేసే ఇంకొకామె ఉంది. అంగన్‌వాడీకి పాత పత్రికలు అడగడానికి వచ్చింది. టైలరమ్మ ఆమెవైపు తిరిగి, "దీనికోసం కూర్చోనక్కర్లేదు వదినా, నిలబడి కూడా చదివేయొచ్చు" అంది. ఆ మాటకు ఆమె అక్కడికక్కడే సభ్యత్వం కట్టి పుస్తకం పట్టుకుపోయింది. నా నూరు పుస్తకాల ఫ్లెక్సీ చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది. ఆమె వెళ్ళేలోపు ఆ వాక్యాన్ని ఒక చీటీ మీద రాసి, పుస్తకం అట్ట లోపల అంటించి ఉండే కాగితం జేబులో పెట్టాను. మా చీటీల పద్ధతికి అదే మొదలు.

చీటీలు

పద్ధతి చిన్నది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఇష్టమైతే ఒక చీటీ రాయవచ్చు. ఒకే వాక్యం, రెండుకు మించకూడదు. పుస్తకం గొప్పదా కాదా అన్నది రాయకూడదు. ఎప్పుడు చదివారో, ఎలా చదివారో, ఎలాంటివాళ్ళు చదవాలో రాయాలి. పేరు ఉండకూడదు. చీటీలకు కాగితం ఖర్చు లేదు, పాత సర్క్యులర్ల వెనకవైపు ఖాళీగానే ఉంటుంది.

మొదట వాటిని వెనక అట్టకు మైదా జిగురుతో అంటించాను. తనిఖీకి వచ్చిన అధికారి చూసి, "ప్రభుత్వ పుస్తకం మీద పాఠకుల రాతలా?" అని కోప్పడ్డారు. అందరి ముందు కోప్పడ్డందుకు నాకు కష్టంగా తోచింది గాని, ఆయన మాటలో న్యాయం ఉంది. మైదా జిగురు పురుగును పిలుస్తుంది. అప్పటినుంచి చీటీ విడిగా జేబులోనే ఉంటుంది.

పరీక్షల కుర్రాళ్ళను ఈ దారిలోకి తేవడం తేలిక కాలేదు. కథల పుస్తకం పట్టుకుంటే వాళ్ళకు నేరం చేసినట్టు ఉంటుంది. ఇంట్లో అమ్మానాన్నలు పొలం పనికి వెళ్తుంటే తాను నవల చదవడమా అన్న బాధ అది, దాన్ని నవ్వి తీసిపారేయడానికి లేదు. ఒక సాయంత్రం ఏదో పరీక్ష వాయిదా పడిందని తెలిసి గదంతా బిగుసుకుపోయి ఉంది. మూలన కూర్చున్న అబ్బాయి పేజీ తిప్పకుండా అరగంట అలాగే ఉన్నాడు. కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు తీసి బల్లమీద పెట్టాను. తప్పిపోయిన పందికోసం ఒక ముసలివాడు ఒక రాత్రంతా అడవిలో పడే పాట్లు. చిన్న నవల. "సిలబస్‌లో లేదు, ఈ రాత్రికే అయిపోతుంది" అన్నాను. అతను మాట్లాడకుండా తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఇచ్చేశాడు. చీటీలో ఇలా ఉంది: "11కి మొదలుపెట్టాను, 2కి వదిలింది. రేపు మోడల్ టెస్టు ఉన్నవాళ్ళు దీన్ని ముట్టుకోవద్దు."

ముట్టుకోవద్దు అన్న మాట రీడింగ్ హాల్లో ఎలా పాకిందో చెప్పనక్కర్లేదు. ఆ నవల తర్వాత చాలాకాలం బీరువా మొహం చూడలేదు.

చీటీలతో చిక్కులూ వచ్చాయి. ఒకాయన ప్రతి పుస్తకంలోనూ ముగింపు రాసి పెట్టేవాడు. అది చిలిపితనం, సర్దిచెప్పాం. ఒకదానిలో రచయిత కులం గురించి వెటకారం ఉంది. మరొకదానిలో ఎవరో ఫోను నంబరు రాసి పెట్టారు. ఆ పుస్తకం ఎక్కువగా తీసుకెళ్ళేది కాలేజీ అమ్మాయిలు. ఆ రోజునుంచి నేనుగాని, అటెండరుగాని చదవకుండా ఏ చీటీనీ లోపల పెట్టలేదు. ఈ పద్ధతి తమ దగ్గరా పెడతామని అడిగిన ఇద్దరు తోటి లైబ్రేరియన్లకు ముందుగా చెప్పింది ఇదే. రోజుకు పది నిమిషాలు చీటీలు చదివే ఓపిక లేకపోతే అసలు మొదలుపెట్టవద్దన్నాను.

చీటీలు పేరుకున్న కొద్దీ ఇంకో సంగతి బయటపడింది. మేం పుస్తకాలు సర్దేది ఒక్కో విషయానికి ఒక్కో అంకె ఇచ్చే డ్యూయీ పద్ధతిలో. తెలుగు సాహిత్యమంతా 894.827 కింద, ఆపైన ప్రక్రియ, రచయిత క్రమం. వెతికి తీయడానికి మాకు అది బంగారం. కాని పావుగంట తీరిక ఉన్నవాళ్ళకు, రైలెక్కబోతున్నవాళ్ళకు అది ఒక గోడ. అందుకని తలుపు పక్కన ఒక ర్యాకు ఖాళీ చేయించి, దాని అరలకు వేరే పేర్లు రాయించాను. ఒక అరకు 'కరెంటు పోయినప్పుడు' అని పేరు. ఇంకొక దానికి 'ఒక్క రాత్రిలో అయ్యేవి'. మూడోది 'నిద్ర పట్టనప్పుడు'. మొదటి అరలో శంకరమంచి సత్యం అమరావతి కథలు ఎప్పుడూ ఉండేలా చూశాం. నూరు కథలు, ఒక్కొక్కటి మూడు నాలుగు పేజీలు, కరెంటు కోతకు కొలిచినట్టు ఉంటాయి. ఈ ర్యాకుకు తాళం లేదు. మొదటి ఏడాది దానిలోంచి రెండు పుస్తకాలు పోయాయి. ఆ రెండిటి ధర నేనే కట్టాను. ఇది ఆదర్శమని చెప్పడం లేదు, గ్రంథాలయాలకు పుస్తకాలు సమకూర్చే రాజా రామమోహన్ రాయ్ ఫౌండేషన్ నుంచి వచ్చిన కట్టల్లో ఎవరూ ముట్టనివి ఎన్ని ఉన్నాయో చూశాక ఆ రెండూ పోవడం నాకు పెద్దగా నొప్పి అనిపించలేదు.

ఆదివారం పొద్దున

మాకు శుక్రవారం సెలవు కావడం వల్ల ఆదివారం తెరిచి ఉంటాం. పిల్లలకు బడి లేదు. ఈ సౌకర్యాన్ని ఏళ్ళ తరబడి ఎవరూ వాడుకోలేదు. వరండాలో చాప వేసి కథ చదువుదామని ప్రకటిస్తే మొదటి వారం ఏడుగురు పిల్లలు వచ్చారు. వాళ్ళతో ఒక్కొక్క పేరా చదివిద్దామనుకున్నాను. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఒత్తు కనిపించగానే ఆగిపోయారు. ఒక పాప 'క్షణం' దగ్గర ఆగి, తలెత్తి నన్ను చూసి, పుస్తకం మూసేసింది. తెలుగు మీడియం పిల్లలు చదవగలిగారు గాని గొంతు పైకి రాలేదు. వచ్చే వారం ముగ్గురే వచ్చారు.

చదివించకూడదు, చదివి వినిపించాలి అని అప్పుడు తెలిసింది. మరి ఎవరు వినిపించాలి? నాకు కౌంటరు ఉంది. లోపల పేపరు గదిలో అరడజను మంది పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒక రిటైరైన లెక్కల మాస్టారు పత్రికను పేరు దగ్గర మొదలుపెట్టి అడుగున ముద్రణాలయం వివరం దాకా వదలకుండా చదువుతారు. ఆయన్ను అడిగాను.

"కథలా? నేనా? నాకు చెప్పడం రాదమ్మా."

"చెప్పనక్కర్లేదు మాస్టారూ, ఉన్నది ఉన్నట్టు చదవండి చాలు."

ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు చేతిలో పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని, సిద్ధాంతం చదివినట్టు మొదలుపెట్టారు. గొంతులో ఎక్కువ తక్కువలు లేవు, మొహంలో నవ్వు లేదు. ఆ బిగుసుకున్న మొహంలోంచి బుడుగు మాటలు వస్తుంటే పిల్లలు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. ఆయన ఆగి, "ఎందుకు నవ్వుతున్నారు?" అని నిజంగానే అడిగారు. దాంతో ఇంకా నవ్వారు. నాలుగో పేజీ దగ్గర ఆయన గొంతు కూడా వణికింది. కళ్ళజోడు తీసి కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. లోపల పేపరు చదివేవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

తర్వాతి నెలల్లో ముగ్గురు పెద్దలు వంతులు వేసుకున్నారు. బైండు చేసిన పాత చందమామలు బయటికి వచ్చాయి. పెద్దవాళ్ళు తమ చిన్ననాటి సంచిక కోసం వెతుక్కుంటూ, దొరికితే పిల్లలకంటే ముందు వాళ్ళే చదివేసుకునేవారు. పిల్లలు వింటూ పుస్తకంలో వేలుపెట్టి వెంటపడేవారు. 'క్షణం' పాపకు ఒత్తులు ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. వేసవి సెలవులు అయ్యేసరికి చదువుతోంది. అది మా కథల వల్లో, వాళ్ళమ్మ ఇంట్లో కూర్చోబెట్టడం వల్లో తేల్చి చెప్పలేను.

సంచీ, పడవ

సాయంత్రం మేం తెరిచే వేళకు ఊళ్ళో కుళాయి నీళ్ళు వస్తాయి, పొయ్యి వెలుగుతుంది. ఆడవాళ్ళు రాకపోవడానికి చదువుమీద ఇష్టం లేకపోవడం కారణం కాదు, కుళాయి. దీనికి దారి టైలరమ్మే చూపించింది. "మీరు ఒక సంచీలో వేసి నా కొట్లో పెట్టండి, జాకెట్లకు ఎలాగూ వస్తారు" అంది. ఒకరి కార్డు మీద అన్ని పుస్తకాలు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. ముగ్గురు సభ్యులు తమ కార్డులు ఒకచోట పెట్టుకున్నారు, ఇష్యూ రిజిస్టరులో ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. పదిహేను రోజులకోసారి సంచీ మారేది.

ఇందులో కొత్తేమీ లేదు. మా పక్క జిల్లాలోనే, 1935లో పెదపాలెంలో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు కాలువమీద పడవలో పుస్తకాలు పంపించారు. పడవ ఆగిన రేవులో జనం పుస్తకాలు మార్చుకునేవారు. అప్పట్లో ఊళ్ళకు దారి కాలువే కాబట్టి పుస్తకం కాలువ వెంట వెళ్ళింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు, తోటివాళ్ళు గ్రంథాలయ మహాసభ జరిపిన నాటినుంచి ఈ నేలమీద గ్రంథాలయం అంటే భవనం ఒక్కటే అనుకోలేదు. భవనం, జీతం, రిజిస్టరు వచ్చాక మనం కూర్చున్నచోటే ఉండిపోయాం.

సంచీలో పుస్తకాలు ఎంచడం నేను మానేశాను. మొదటి రెండుసార్లు నేనే వేశాను. తిరిగి వచ్చినవాటిలో సగం తెరిచిన గుర్తు లేదు. మూడోసారినుంచి టైలరమ్మ వచ్చి, చీటీలు చదువుకుని, తన ఖాతాదార్లను తలుచుకుంటూ ఏరేది. "ఇది పోస్టాఫీసు వీధి అత్తగారికి. ఇది వద్దు, ఆవిడకు ఈ ఏడు చావు కథలు ఇవ్వకూడదు." ఆ ఇంట్లో ఏం జరిగిందో నా ఇష్యూ రిజిస్టరుకు తెలియదు.

ఫలించనివి కూడా చెప్పాలి. వారోత్సవాల వ్యాసరచన, వక్తృత్వ పోటీలు ఏటా జరిపాం, జరపక తప్పదు. యూనిఫాం పిల్లలు వరుసగా వస్తారు, బహుమతులు తీసుకుంటారు, ఫొటో దిగుతారు, మళ్ళీ నవంబరుదాకా కనిపించరు. ఒక ఏడు కప్పులకు బదులు సభ్యత్వ కార్డులు బహుమతిగా ఇచ్చాం. ఒక దాత డిపాజిట్ కట్టారు. కార్డులు అందుకున్నవాళ్ళలో తర్వాత వచ్చి పుస్తకం తీసుకున్నది ఇద్దరే. కవి సమ్మేళనం పెడితే కవులు వచ్చారు, శ్రోతలు కూడా కవులే. పరీక్షల కుర్రాళ్ళకు నెలకో పుస్తకంమీద చర్చ పెట్టాలని చూశాను, రెండో నెలకే అది కరెంట్ అఫైర్స్ క్లాసుగా మారింది. వాళ్ళను తప్పుపట్టలేను.

మూడో ఏడు చివర నాకు బదిలీ వచ్చింది. చార్జి తీసుకోవడానికి వచ్చిన అబ్బాయి చురుకైనవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి ఎక్కించే అక్సెషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని రెండు రోజులు లెక్క చూసుకున్నాం. ఒక్కొక్క పుస్తకం తెరిచి నంబరు చదువుతుంటే జేబుల్లోంచి చీటీలు జారి ఒళ్ళో పడుతున్నాయి. మొదట అతను వాటిని పక్కన పెట్టాడు. తర్వాత చదవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి లెక్క వెనకబడింది.

"మేడం, ఇవి ఏ పద్దు కింద రాయాలి?" అన్నాడు.

పుస్తకాల పద్దు కిందికి రావు, ఫర్నిచరు కాదు, స్టేషనరీ కూడా కాదు. కాసేపు ఆలోచించి అప్పగింత పట్టిక చివర నేనే రాశాను: 'చీటీలు, లెక్కించలేదు.' అతను దాని కింద సంతకం చేశాడు. అటెండరు టీ తెచ్చాడు. అంతలో కరెంటు పోయింది. బస్టాండు వెనక వీధివైపు చూసి ముగ్గురం నవ్వుకున్నాం.